కంటికి గనరాని కంచె

కంచెకు రెండు పనులున్నవి. లోపలి దానిని బయటికి పోనీయకుండుట యొకటి, బయటి దానిని లోనికి రానీయకుండుట రెండవది. ముళ్లకంపతో వేసినదైనను, మట్టితో పెట్టినదైనను, ఇనుపతీగతో అల్లినదైనను ఈ రెండింటికిని పూచీపడవలసినదే. అమెరికాలో అర్ధశతాబ్దముగా వాడుకలోనున్న ఒక కంచె మాత్రము ఇందు సగము పనియే చేయును. అది కంటికి గనబడదు, చేతికి తగులదు. పొరుగింటి పిల్లి దానిని దాటి రావచ్చును, తపాలా బంట్రోతు రావచ్చును, దొంగయు రావచ్చును. దాటరానిది ఆ యింటి కుక్క యొక్కటియే.

ఇట్టి కంచె ఆ దేశమున పుట్టుటకు కారణము లేకపోలేదు. అచ్చటి నగరముల శివారులలో ఇండ్ల ముందరి పచ్చికలు ఒకదానితో నొకటి కలిసిపోయి, ఎవరి హద్దు ఎచ్చట ముగిసినదో బాటసారికి తెలియదు. చాలచోట్ల ఇంటి ముందు గోడ గాని కంచె గాని కట్టరాదని గృహస్థుల సంఘములే నిబంధనలు పెట్టుకొన్నవి. స్థలము కొన్న మరునాడే ప్రహరీగోడకు పునాది తీయించు అలవాటు గల మనకు ఇది విడ్డూరముగా దోచును. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకును, పిల్లల పోరు పడలేక ఒక కుక్కపిల్లను దెచ్చుకొన్న నాడు, ఈ చిక్కు ఎదురుకాక తప్పదు. పెరడున్నది, గోడ లేదు. గుమ్మమునకు కూతవేటు దూరమున కార్లు పరుగులిడు బాట యున్నది. కుక్క అటు ఉరికినచో దాని ప్రాణమునకే మోసము.

1973లో రిచర్డ్ పెక్ అను అమెరికనుడు దీనికొక ఉపాయము కనిపెట్టి పేటెంటు పొందెను. భూమిలో పాతిన తీగ, కుక్క మెడలో పట్టెడ, ఈ రెండే దానికి మూలము. తీగను స్థలపు హద్దు వెంబడి కొన్ని అంగుళముల లోతున పాతి, దాని రెండు కొనలను ఇంటిలోని ప్రసారయంత్రమునకు కలుపుదురు. తీగలో స్వల్పమైన రేడియో సంకేతము ఎడతెగక ప్రవహించుచుండును. కుక్క హద్దును సమీపించినకొలది పట్టెడలోని గ్రాహకమునకు ఆ సంకేతము బలముగా అందును. మొదట పట్టెడ కీచుమని మ్రోగును. కుక్క వెనుదిరిగినదా, అంతటితో సరి. ఇంకను ముందుకు నడచినచో, పట్టెడ లోపలివైపున చర్మమునకు ఆనియున్న రెండు లోహపు మొనల గుండా చురుక్కుమని విద్యుత్తు తగులును. ఎండిన చలికాలమున ఉన్నిబట్ట విప్పునప్పుడు చేతికి తగులు మిణుకువంటిదని అమ్మువారందురు. బలమును హెచ్చించుటకు తగ్గించుటకు మర కలదు గనుక, అన్ని వేళల అది మిణుకే యని చెప్పుటకు వీలులేదు.

తీగ పాతు శ్రమ గూడ లేని నిస్తంత్రి కంచె మరియొకటి. ఇందు యంత్రమును ఇంటిలో ఒకచోట నుంచినచో చాలును. దాని చుట్టును సంకేతము గుండ్రముగా వ్యాపించును. మొదటిదానిలో సంకేతము బలమైనప్పుడు శిక్ష, దీనిలో సంకేతము సన్నగిల్లినప్పుడు శిక్ష. సాధారణముగా దొరకు యంత్రముల వలయము 90 అడుగుల వ్యాసార్థము వరకు వచ్చును. అనగా సుమారు అర యెకరము. ఒక గంటలో అమర్చుకొనవచ్చును. అద్దె యిల్లు మారునప్పుడు పెట్టెలో పెట్టుకొని పోవచ్చును. విద్యార్థులకును, తరచుగా ఊళ్లు మారు ఉద్యోగులకును దీనిపై మోజు కలుగుట సహజమే.

కాని ఇండ్ల స్థలములు గుండ్రముగా ఉండవు. చతురస్రమైన స్థలములో వృత్తము గీసినచో నాలుగు మూలలును వెలిబడును. మూలలు గూడ కలియునట్లు గీసినచో వృత్తము పొరుగువాని పచ్చిక మీదికిని, ముందరి బాట మీదికిని పోవును. ఇల్లు స్థలమునకు నడుమ గాక ముందువైపున ఉన్నచో విశాలమైన వెనుక పెరడు కుక్కకు దక్కనే దక్కదు. ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. లోహపు రేకులు, ఇనుప తలుపులు, నేల ఎత్తుపల్లములు, ఆవరణలో నిలిపిన కారు గూడ ఈ సంకేతమును అడ్డగించును. నిన్నటి దినము నిరపాయముగా పండుకొన్న చోటనే నేడు ఒక కారు వచ్చి నిలుచుటచే కుక్క మెడపై దెబ్బ తగులవచ్చును. ఉపగ్రహముల సాయముతో పనిచేయు నేటి పట్టెడలకును ఈ జబ్బు తప్పలేదు. దట్టమైన చెట్ల క్రిందను, ఎత్తైన గోడల ప్రక్కను వాని లెక్క కొన్ని గజములు తప్పుచుండును. విశాలమైన పొలమున ఆ కొన్ని గజములు ఒక లెక్క గాదు. చిన్న పెరటిలో అదియే సర్వస్వము.

హద్దు స్థిరముగా ఉండవలెనన్న పట్టుదల దేనికో తెలియవలెనన్నచో, ఈ కంచె నిజముగా ఎచ్చట నిలిచియున్నదో చూడవలెను. అది భూమిలో లేదు, ఆకాశములో లేదు. కుక్క మనస్సులో ఉన్నది. యంత్రము బిగించి పట్టెడ కట్టి వదలివేసినంత మాత్రమున కంచె ఏర్పడదు. హద్దు పొడవున చిన్న చిన్న జెండాలు పాతి, కుక్కను త్రాటితో పట్టుకొని, రోజుకు రెండు మూడు పర్యాయములు, సుమారు రెండు వారముల పాటు అచ్చటికి నడిపింపవలెను. కీచుమన్న వెంటనే వెనుకకు పిలిచి మెచ్చుకొని తిండి పెట్టవలెను. తొలిదినములలో పట్టెడ మొనలకు తొడుగు వేసి ధ్వనిని మాత్రమే వినిపించుట మంచి పద్ధతి. అది బాగుగా తెలిసికొన్న పిమ్మట జెండాలను ఒక్కటొక్కటిగా తీసివేయుదురు. యంత్రమునకు వెల యిచ్చి ఈ రెండు వారముల శ్రమకు ఓపిక లేనివారే ఈ కంచెను ఎక్కువగా నిందించువారు. వారి కుక్కలకు నోరున్నచో నింద మరియొక విధముగా ఉండెడిది.

ఈ శిక్షణ వెనుకనున్న సూత్రము యంత్రముకంటె పాతది. 1953లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సాలమన్, విన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు నడుమ అడ్డుగోడ గల పెట్టెలో కుక్కలనుంచి ఒక పరీక్ష చేసిరి. ఒక గుర్తు చూపిన పది సెకనులకు కాలిక్రింది నేలలో విద్యుత్తు పారును. కొద్ది పర్యాయములలోనే కుక్కలు ఆ గుర్తు కనబడగానే, దెబ్బ తగులకముందే, అడ్డును దుమికి అవతలికి పోవుట నేర్చినవి. పిమ్మట విద్యుత్తును పూర్తిగా ఆపివేసిరి. కుక్కలు మాత్రము దుముకుట మానలేదు. దెబ్బ లేదని తెలియుటకు ఒకసారియైన నిలిచి చూడవలెను గదా! నిలుచుటకే అవి సాహసింపలేదు. కంటికి గనరాని కంచె బలమంతయు ఇచ్చటనే యున్నది. చక్కగా నేర్చిన కుక్క ఏండ్ల తరబడి ఒక్క దెబ్బయైనను తినకుండ పచ్చికలో ఆడుకొనును.

దీనికి మారుముఖము 1967లో బయటపడినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సెలిగ్మన్, మేయర్ అనువారి పరీక్షలలో కొన్ని కుక్కలకు తప్పించుకొను దారి లేకుండ దెబ్బలు తగిలినవి. అట్టి కుక్కలను తరువాత అడ్డుగోడ పెట్టెలో నుంచినప్పుడు, దుమికినచో బాధ తప్పునను అవకాశమున్నను, వానిలో చాల భాగము దుముకక మూలుగుచు పడియుండెను. ఇచ్చట కుక్కను క్రుంగదీసినది నొప్పి యొక్కటియే కాదు. తన నడతకును ఆ నొప్పికిని సంబంధము లేకపోవుటయే దానిని క్రుంగదీసినది.

భారతకథ మొదలిడుటయే ఇట్టి ఫిర్యాదుతో మొదలిడినదని తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవతల కుక్కయగు సరమ కుమారుడు అచ్చటికి పోయి ఆడుకొనుచుండెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. హవిస్సును ముట్టలేదు, తేరి చూడనైన లేదు. అయినను దెబ్బలు తిన్నానని వాడు తల్లితో చెప్పుకొని యేడ్చెను. సరమ రాజు సన్నిధికి పోయి, కొట్టినందులకు గాక, తప్పు లేని వానిని కొట్టినందులకు నిలవదీసినది. ఆమె పెట్టిన శాపము గూడ అందుకు తగినదే. ఊహింపని భయములు వచ్చి పడునని శపించినది. కారణము తెలియని దెబ్బ ఎట్లుండునో రాజులు గూడ తెలిసికొనవలెనని ఆమె కోరిక.

సరిగా నేర్పని నిస్తంత్రి కంచెలో కుక్కకు పట్టు గతి యిదియే. దెబ్బ తగిలిన క్షణమున దాని కన్నుల యెదుట ఏమున్నదో దానికే ఆ నొప్పిని అంటగట్టును. బాటపై పోవు బాలుడు కావచ్చును, ఉత్తరములు తెచ్చువాడు కావచ్చును. 2000 సంవత్సరమున రిచర్డ్ పోల్స్కీ అను జంతుప్రవర్తన నిపుణుడు ఇట్టి కంచెలు గల ఇండ్ల కుక్కలు మనుష్యులపై బడి కరచిన ఐదు సంఘటనలను వివరించి, విద్యుత్తు దెబ్బయే ఆ కోపమునకు కారణమై యుండవచ్చునని వ్రాసెను. ఐదింటితో సిద్ధాంతము నిలువదనుట నిజమే. కాని పిరికి కుక్కకును, కరచు అలవాటు గల కుక్కకును ఈ పట్టెడ కట్టరాదనుటకు ఆ మాత్రము హెచ్చరిక చాలును.

ఉద్రేకము హెచ్చిన వేళ కంచె నిలువదు. లేడి యొకటి ఎదుట పరుగెత్తినప్పుడు వేటజాతి కుక్క కీచుమను ధ్వనిని వినదు, దెబ్బను లెక్కచేయదు, ఒక్క దూకున హద్దు దాటును. వేట ముగిసి ఆయాసము తీరిన తరువాతనే అసలు చిక్కు. తీగ పాతిన కంచెయైనచో తిరిగి యింటికి వచ్చునప్పుడు గూడ అదే దెబ్బ కాచియుండును. పోవుటకు లేడి పురికొల్పినది. వచ్చుటకు పురికొల్పునది ఏదియును లేదు. కుక్క తన యింటిని చూచుచు అవతలనే నిలిచిపోవును. ఈ యొక్క విషయమున నిస్తంత్రి కంచె కొంత మేలు. వలయము దాటిన కుక్కకు కొంత గడువు వరకు దెబ్బ తగిలి ఆగిపోవును, తిరిగి లోనికి వచ్చునప్పుడు తగులదు.

ప్రభుత్వముల తీర్పులు గూడ ఒక్కతీరున లేవు. బ్రిటనులోని వేల్సు ప్రాంతము 2010లో విద్యుత్తు పట్టెడలనన్నింటిని, కంచెల పట్టెడలతో సహా, కుక్కలకును పిల్లులకును నిషేధించినది. తయారీదారులు వ్యాజ్యము వేయగా న్యాయస్థానము దానిని కొట్టివేసినది. పొరుగుననున్న ఇంగ్లండులో 2018లో ప్రభుత్వము చేతితో నొక్కు పట్టెడలను నిషేధింప తలపెట్టియు, కంచెలకు మినహాయింపు నిచ్చుటకు నిశ్చయించినది. బండ్ల క్రింద పడకుండ అవి కాపాడుచున్నవని పిల్లుల యజమానులు మొరపెట్టుకొనిరి. లింకన్ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి కంచెలలో చాలకాలము మెలగిన పిల్లులకు చెరుపు కలిగిన జాడ కనబడలేదు. పిల్లి సంగతి కుక్కకు వర్తించునా యనునది వేరు ప్రశ్న. నొప్పి యెంత యన్న వాదము ఇప్పట్లో తెగదు. నొప్పి ఎందులకో ఆ జంతువునకు తెలిసినదా యన్న ప్రశ్నను మాత్రము ఏ పెరటిలోనైనను కండ్లార చూచి తేల్చుకొనవచ్చును.

గొలుసుకంటె ఇది మేలు గదా యనువారున్నారు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. రుక్మిణీదేవి అరుండేలు రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ శాసనము, పొట్టిగొలుసుతో గాని బరువైన గొలుసుతో గాని జంతువును అనుచితముగా కట్టివేయుటను నేరముగా నెంచినది. ఎప్పుడును గొలుసుననో ఇరుకుననో ఉంచు కుక్కను త్రిప్పి వ్యాయామము చేయింపకుండుట గూడ ఆ శాసనమున నేరమే. మన పట్టణములలో మెట్లక్రింద రోజంతయు కట్టువడియుండు కుక్కలను చూచినవారికి అర యెకరపు పచ్చిక స్వర్గమే. కాని మన వీధులలో ఈ కంచె పనికిరాదు. వీధికుక్కల గుంపు దానిని లెక్కచేయక లోనికి వచ్చును. పెంపుడు కుక్క మాత్రము పారిపోవుటకు దారి లేక దెబ్బకు కాటుకు నడుమ చిక్కుకొనును. వెర్రికుక్క కాటు ఎంత భయంకరమో తెలిసిన దేశమున గోడకు బదులు వేరొకటి లేదు.

అమెరికాలో దీనిని వాడువారికిని తయారీదారులు చెప్పు జాగ్రత్తలు తక్కువ కావు. ఆరు నెలలు నిండని పిల్లకు కట్టరాదు. పట్టెడ మెడకు ఆనియే యుండవలెను గాని రోజుకు పండ్రెండు గంటలకు మించి ఉంచరాదు. ఉంచినచో మొనలు ఒత్తుకొని చర్మము పుండుపడును. బాటరీ అయిపోయినదో లేదో చూచుచుండవలెను. ఇంట ఎవరును లేనప్పుడు కుక్కను ఈ కంచెకే ఒప్పగించి పోరాదు. అన్నింటికంటె కుక్కను షికారునకు తీసికొనిపోవుటయే నేర్పుతో చేయవలసిన పని. పట్టెడ తీసి జేబులో వేసికొన్నను కుక్క హద్దు దగ్గరకు రాగానే కాళ్లు నిగిడించి నిలిచిపోవును. యజమాని పిలుచును, బుజ్జగించును, త్రాడు పట్టి లాగును. అది కదలదు. తుదకు దానిని చేతులపై నెత్తుకొనియో, కారులో కూర్చుండబెట్టియో హద్దు దాటింపవలసి వచ్చును. బాట చేరి క్రిందికి దింపినంతనే తోకాడించుచు ముందుకు పరుగెత్తును.