ఇంటి దగ్గర టర్కీ కోడిని పొగలో వండుట



మన రేగొండ చుట్టుపక్కల ఊళ్లలో పత్తి, మిరప, వరి పండించే ఇంటి వెనుక నాలుగు కోళ్లు తిరగని వాకిలి అరుదు. ఆ నాటుకోళ్లతో పాటు ఇప్పుడు అక్కడక్కడ టర్కీ కోళ్లను సాకుతున్న రైతులు కూడా ఉన్నారు. మొన్న ఒక రైతు నన్ను అడిగాడు: "సారూ, క్రిస్మసుకు కోడిని ముక్కలు చేయకుండా, నిండుగా పొగలో వండి ఇస్తావా అని భూపాలపల్లి కాలనీ నుంచి ఒకాయన అడుగుతున్నాడు. మనతోని అయితదా?" అని. అవుతుంది. కాని ఒక్క సంగతి తెలియకుండా చేస్తే పండుగ నాడు ఇంటిల్లిపాదీ మంచాన పడవలసి వస్తుంది. ఆ సంగతేమిటో, వండే పద్ధతి ఏమిటో ఈనాడు ముచ్చటించుకుందాం.

టర్కీ కోడి పుట్టినిల్లు ఉత్తర అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ప్రాచీన ప్రజలు దానిని మచ్చిక చేశారు. పదహారవ శతాబ్దంలో అది ఐరోపా చేరింది. 1612లో మొగలు చక్రవర్తి జహంగీరుకు ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిచ్చిన వింత జంతువులలో, పక్షులలో ఈ కోడి కూడా ఒకటి. జహంగీరు దాని రూపాన్ని తన స్వీయ చరిత్రలో వర్ణించాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దాని బొమ్మ చిత్రించాడు. అంటే ఈ పక్షి మన దేశానికి వచ్చి నాలుగు వందల సంవత్సరాలు దాటింది. దానిని నిండుగా పొగలో వండే అలవాటు మాత్రం మనకు కొత్త.

"మాకు పొగ కొత్తదా? ఒట్టి తునకలు మేము ఎండబెట్టమా? దండెం కట్టి పొయ్యి మీద వేలాడదీయమా?" అని మీరడగవచ్చు. నిజమే. అయితే ఒట్టి తునకలకు మాంసాన్ని సన్నగా, పొడుగ్గా చీరుతాము. ఉప్పు, పసుపు పట్టిస్తాము. రెండు మూడు ఎండలకు అందులోని తేమ పోతుంది. తేమ లేనిచోట రోగక్రిములు పెరగలేవు. తినేముందు వాటిని మళ్లీ ఉడికిస్తాము కూడా. నిండు టర్కీ సంగతి వేరు. నాలుగు కిలోల పక్షి, లోపల ఎముక, ఎముక చుట్టూ మందమైన కండ. పైన తోలు ఎండి ఎర్రబడినా లోపలి తేమ ఎక్కడికీ పోదు. అక్కడికి వేడి నిదానంగా చేరుతుంది. ఆ నిదానంలోనే ప్రమాదం ఉన్నది.

కోడి జాతి పక్షుల పేగులలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే క్రిములు ఉండవచ్చు. పక్షి ఆరోగ్యంగా కనబడినా అవి ఉండవచ్చు. కోసేటప్పుడు మాంసానికి అంటుతాయి. మాంసం వేడి 5 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్నంతసేపు క్రిములు పెరిగే అవకాశం ఉంటుంది. గోరువెచ్చని మాంసమంటే వాటికి నీరు పారిన మడి వంటిది. కావున మన పని రెండు భాగాలు: వండే దాకా మాంసాన్ని చల్లగా ఉంచడం, పొయ్యి ఎక్కిన తరువాత ఆ మధ్య వేడిని త్వరగా దాటించడం.

ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక దసరాకు, తొమ్మిది కిలోల టర్కీ పుంజును తెచ్చి పీపాలో పొగ పెట్టాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి తోలు మంచి తేనె రంగుకు వచ్చింది. ఇల్లంతా కమ్మని వాసన. రంగు చూచి దించాను. పైపైన రొమ్ము కోసి ముందు పిల్లలకు పెట్టాము. తొడ విరిచేసరికి కీలు దగ్గర పచ్చి నెత్తురు కనబడింది. మా అవ్వ చూచి, "ఓరి, ఇది పొగ చూసింది గాని నిప్పు చూడలేదురా" అని పళ్లెం లాగేసింది. మిగిలినదంతా ముక్కలు కొట్టి గంజులో ఉడికించింది. అప్పటికే తిన్న ఇద్దరు పిల్లలకు మర్నాడు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు దవాఖానలో ఉంచవలసి వచ్చింది. చదువుకున్నవాణ్ణి నేనే రంగుకు మోసపోయాను. మీరు మోసపోకూడదనే ఇంత చెప్పడం.

ఇక పద్ధతికి వద్దాం.

మొదట పక్షి ఎంపిక. వండడానికి సిద్ధం చేసిన పక్షి బరువు ఐదున్నర కిలోలు దాటకూడదు. నాలుగు కిలోలది అయితే మరీ మంచిది. ఐదు కిలోల పెట్టను కోస్తే సుమారు నాలుగు కిలోల మాంసం వస్తుంది. పెద్ద పుంజు అయితే నిండుగా పెట్టే ఆశ వదలి, వెన్ను వెంట రెండుగా చీల్చి పెట్టండి. జబ్బు పడినదానిని, ముక్కున నీరు కారుతున్నదానిని కోయవద్దు. మందు వేసిన పక్షి అయితే, ఎన్ని రోజులు ఆగాలో పశువైద్యుని అడిగి అన్ని రోజులు ఆగండి.

కోసే ముందు పది గంటలపాటు మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టాలి. పేగులు ఖాళీగా ఉంటే శుభ్రం చేసేటప్పుడు మలినం మాంసానికి అంటదు. నెత్తురు పూర్తిగా కారనివ్వాలి. ఈకలు పెరికిన తరువాత నూగు పోవడానికి మన అలవాటు ప్రకారం పసుపు రాసి వరిగడ్డి మంట మీద కాల్చవచ్చు. ఆ కాల్పు తోలుకే గాని, లోపలి మాంసం ఉడికినట్టు కాదు. పేగులు, మెడ కింది మేత తిత్తి, ఊపిరితిత్తులు తీసివేసి, కార్జం, కందనకాయ వేరుగా కూరకు ఉంచుకోండి. కడుపులో మసాలా, బియ్యం వంటివేవీ కుక్కవద్దు. కుక్కితే వేడి లోపలికి చేరడం ఇంకా ఆలస్యమవుతుంది.

కడిగిన పక్షిని వెంటనే మంచు ముక్కలలో పెట్టి చల్లార్చాలి. కోసిన వెంటనే వండడం మన అలవాటు. టర్కీకి అది పనికిరాదు, కండ బిగుసుకొని ఉంటుంది. పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా ఫ్రిజ్‌లో ఉంచితే మెత్తబడుతుంది. ఆ సమయంలోనే ఉప్పు పట్టించాలి. కిలో మాంసానికి 15 గ్రాముల ఉప్పు లెక్క, అంటే నాలుగు కిలోల పక్షికి 60 గ్రాములు. దానికి రెండు చెంచాల బెల్లం పొడి, కొంచెం మిరియాల పొడి కలిపి లోపలా బయటా రాయండి. మన రుచికి అల్లం, ఎల్లిగడ్డ, పసుపు, కారం కూడా చేర్చుకోవచ్చు. ఫ్రిజ్ లేకపోతే థర్మాకోల్ పెట్టెలో నిండా మంచు పోసి, పక్షిని శుభ్రమైన సంచిలో కట్టి అందులో పెట్టండి. మంచు కరిగిన కొద్దీ మళ్లీ పోయాలి. అంగడిలో గడ్డకట్టిన పక్షి కొంటే, రెండు కిలోలకు ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లోనే పూర్తిగా కరగనివ్వాలి. బయట పెట్టి కరిగించవద్దు.

పొగపొయ్యికి 200 లీటర్ల ఇనుప పీపా చాలు. అది వంట నూనె పోసిన పీపా కావాలి. పురుగుమందు, రసాయనాలు పోసిన పీపా ఎంత కడిగినా పనికిరాదు. జింకు పూత పూసిన రేకు, జాలి కూడా వద్దు, వేడికి విషపు ఆవిరి వస్తుంది. పీపా అడుగున చుట్టూ అంగుళం వెడల్పు రంధ్రాలు నాలుగు వేయించండి. అడుగుకు అర అడుగు పైన నిప్పులు నిలిచే ఇనుప జాలి, దానికి కొంత పైన నీళ్ల పళ్లెం, అంచుకు జానెడు కింద పక్షిని పెట్టే జాలి అమర్చాలి. పైన మూతకు ఒక రంధ్రం. పళ్లెంలో నీళ్లు వేడిని సమంగా ఉంచుతాయి, కొవ్వు నిప్పుల మీద పడకుండా పట్టుకుంటాయి. కొవ్వు నిప్పులో పడి కాలితే వచ్చే పొగ ఆరోగ్యానికి మంచిది కాదు. కొత్త పీపాను ముందు ఒకసారి పక్షి లేకుండా, గట్టి మంటతో గంటసేపు కాల్చండి.

కట్టె సంగతి జాగ్రత్తగా వినండి. మామిడి, జామ, చింత, నేరేడు వంటి గట్టి కట్టె, బాగా ఎండినది, పిడికెడంత ముక్కలు నాలుగైదు చాలు. వేడికి బొగ్గు, రుచికి కట్టె అని గుర్తు పెట్టుకోండి. మన ఇళ్లలో పొయ్యిలోకి పత్తి కట్టె వాడతారు. పొగ వంటకు దానిని ముట్టవద్దు. సీజనంతా మందులు కొట్టిన కట్టె అది. గన్నేరు విషం. జీడి కర్ర, జామాయిల్ కర్ర, రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ కూడా పనికిరావు. కిరోసిన్ పోసి అంటించవద్దు. తెల్లగా చిక్కగా వచ్చే పొగ మాంసాన్ని చేదు చేస్తుంది. నిప్పులు కణకణలాడి, పలుచని నీలి పొగ వచ్చిన తరువాతే పక్షిని పెట్టండి.

పీపా లోపలి వేడి 120 నుంచి 150 డిగ్రీల మధ్య ఉండాలి. అడుగు రంధ్రాలు తెరిస్తే వేడి పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. మాటిమాటికీ మూత తీయవద్దు. కిలోకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. నాలుగు కిలోలకు మూడు నుంచి నాలుగు గంటలు. ఇది అంచనా మాత్రమే. గాలి, బొగ్గు, పీపా మందం బట్టి మారుతుంది.

మరి ఉడికిందని ఎట్లా తెలుస్తుంది? ఇదే ఈనాటి అసలు మాట. రంగు చూచి చెప్పలేము. పొగలోని వాయువు మాంసపు రంగు పదార్థంతో కలిసి, బాగా ఉడికిన మాంసాన్ని కూడా గులాబి రంగులో ఉంచుతుంది. పైన ఎర్రబడిన తోలు కింద పచ్చి ఉండనూవచ్చు. కావున సూది మొన ఉన్న వంట థర్మామీటరు ఒకటి కొనండి. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. జ్వరం చూచే థర్మామీటరు పనికిరాదు, అది సుమారు 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కొన్న థర్మామీటరును ముందు పరీక్షించండి: దంచిన మంచు కలిపిన నీళ్లలో సున్న, మరిగే నీళ్లలో సుమారు 100 చూపాలి. తొడలో మందమైన చోట, రొమ్ము మధ్యన, రెక్క కీలు దగ్గర, ఎముకకు తగలకుండా సూది గుచ్చి చూడండి. మూడు చోట్లా 74 డిగ్రీలు చూపిన తరువాతే దించాలి. ఒక్కచోట తగ్గినా మూత పెట్టి మళ్లీ నిప్పు ఎగదోయండి. దించిన తరువాత ఇరవై నిమిషాలు ఆగి కోస్తే రసం లోపలే నిలుస్తుంది.

మధ్యలో వాన వచ్చి నిప్పు చల్లారిందనుకోండి. నాలుగు గంటలు గడిచినా లోపల 60 డిగ్రీలు దాటలేదంటే ఆ పక్షిని తినవద్దు, పారవేయండి. నష్టం ఒక పక్షితో పోతుంది. నిప్పు సరిగా నిలవడం లేదని గంట రెండు గంటలలోనే తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ముక్కలు కొట్టి గంజులో బాగా ఉడికించండి.

థర్మామీటరు కొనలేని ఇంటికి కూడా దారి ఉన్నది. పక్షిని ముందే ముక్కలు చేసుకొని, ఉప్పు పట్టించి, వేడి పీపాలో ఒక గంట పొగ చూపండి. మాంసానికి పొగ రుచి మొదటి గంటలలోనే బాగా పడుతుంది. వెంటనే పులుసులో వేసి, ముక్క ఎముక నుంచి ఊడేదాకా మరిగించండి. నిండు పక్షి చూపు రాదు గాని, రుచి వస్తుంది, భయం ఉండదు.

వండిన మాంసం రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో చేరాలి. మూడు నాలుగు రోజులలో తినివేయాలి. పొగ పెట్టాము గదా, ఒట్టి తునకల మాదిరి నిలువ ఉంటుందని చూరుకు వేలాడదీయవద్దు. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట సబ్బుతో కడగకుండా వండిన మాంసానికి వాడవద్దు. పీపాను గడ్డివాముకు దూరంగా, ఆరుబయటే పెట్టండి. మూసిన కొట్టంలో బొగ్గుల పొగ ప్రాణం తీస్తుంది. ఇతరులకు అమ్మదలిస్తే ఆహార భద్రతా చట్టం కింద నమోదు చేయించుకోవడం మరువకండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊళ్లో ఈ పద్ధతి చూపించేటప్పుడు పీపా, కట్టె చూపించి ఊరుకోకండి. థర్మామీటరును పది మంది చేతికి ఇచ్చి, ఒక్కొక్కరితో తొడలో గుచ్చి అంకె చదివించండి. చెప్పినది మరుస్తారు, తమ కళ్లతో చదివిన 74 మరువరు.

నన్ను అడిగిన రైతుకు కూడా ఇదే చెప్పాను: "తోలు రంగు కొనేవానికి చూపెట్టు, థర్మామీటరు అంకె మాత్రం నువ్వు చూసుకో" అని. మీకూ అదే మాట.