రోగి తరఫు మనిషి

2023 జూన్ 25 అర్ధరాత్రి ఒడిశాలోని గంజాం జిల్లా దిగపహండి దగ్గర పెళ్లివారి బస్సు, ఆర్టీసీ బస్సు ఎదురెదురుగా గుద్దుకుని 12 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్లను బరంపురంలోని ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రికి చేర్చారు.

అలాంటి రాత్రి క్యాజువాలిటీలో డాక్టర్లు రక్తం ఆపాలి, ఊపిరి నిలబెట్టాలి. మరి స్పృహలో లేని మనిషి పేరేమిటి, ఏ మందు పడదు, రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నాడా? తలకి దెబ్బ తగిలినప్పుడు ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ కనుక్కుని, ఇంటికి కబురు పంపి, డాక్టరు మాట బంధువులకి అర్థమయ్యేలా చెప్పే మనిషినే పేషెంట్ అడ్వకేట్ అంటారు. పేరు చూసి వకీలనుకునేరు! అమెరికాలో సారా లారెన్స్ కాలేజీ 1980లోనే ఈ పనికి పీజీ కోర్సు పెట్టింది.

బరంపురంలో ఈ పనికి భాష కూడా తోడవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. తెలుగిళ్లు ఊళ్లోనే ఉన్నాయి. ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్ల దూరం. పదహారో నంబరు జాతీయ రహదారి మీద దెబ్బ తిన్నవాడు సరిహద్దు చూసుకుని పడడు కదా. ‘తల దిమ్ముగా ఉంది’ అన్న మాట ఒడియా డాక్టరుకి ఉత్త తలనొప్పిగా చేరితే చికిత్స దారి తప్పవచ్చు.

చట్టం రోగి పక్షానే ఉంది. ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చింది. ప్రమాదంలో పడ్డవాళ్లను ఆదుకున్నవారిని వేధించకూడదని 2016లో ఆదేశించింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. స్ట్రెచర్ పక్కన ఏడుస్తున్న తల్లికి ఇవన్నీ ఎవరు చెప్పాలి?

2007లో ఆరోగ్యశ్రీతో వచ్చిన ఆరోగ్యమిత్రలు మనకి తెలుసు. ఒడిశాలో స్వాస్థ్యమిత్రలున్నారు. ఇద్దరిదీ మంచి పనే, కాకపోతే ఎక్కువగా కార్డు చుట్టూ, అనుమతుల చుట్టూ తిరిగేది. మంచం పక్కన నిలబడాల్సింది ఇంకొకరు.

డిశ్చార్జి రోజున కూడా ఆ మనిషితో పని ఉంటుంది. కాలిలో వేసిన ప్లేటు తీయాలా, తీస్తే ఎప్పుడు? కర్ర లేకుండా ఎన్నాళ్లకి నడవాలి? ఉద్దానంలో జీడితోట పనికి ఎప్పుడు దిగొచ్చు? డాక్టరు గది దాటకముందే ఈ జవాబులు తెలుగులో, కాగితం మీద రాయించి చేతిలో పెట్టాలి.