వార్తల్లో పదం: ఆంత్రసైట్

బొగ్గుల్లో అన్నిటికన్నా గట్టిది, మెరిసేది ఆంత్రసైట్. కర్బనం సుమారు 86 శాతం పైనే. అంటుకోవడానికి మొరాయిస్తుంది గానీ, అంటుకుంటే పెద్దగా పొగ లేకుండా గంటల తరబడి చిన్న నీలి మంటతో కాలుతుంది. 1808లో పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారీలో జెస్సీ ఫెల్ దీన్ని తిత్తులతో గాలి ఊదకుండానే ఇనుప జాలీ మీద మండించి చూపాక ఇళ్లలోకి వచ్చింది. 1902లో గని కార్మికులు సమ్మె చేస్తే చలికాలం ఎలా గడుస్తుందన్న భయం పుట్టి, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టే రంగంలోకి దిగాల్సి వచ్చింది.

ఈశాన్య పెన్సిల్వేనియాలో ఇప్పటికీ కొన్ని ఇళ్లకు ఇదే వెచ్చదనం. కొనేవారు ముందు చూడాల్సింది ధర కాదు, ముక్క సైజు. తనంతట తానే బొగ్గు వేసుకునే స్టోకర్ పొయ్యికి సన్నని ‘రైస్’, ‘బక్‌వీట్’ కావాలి. చేత్తో వేసే పొయ్యికైతే పెద్దవైన ‘పీ’, ‘నట్’. సైజు తప్పితే చవక బేరమూ దండగే. ఆ తర్వాతే బూడిద శాతం, తేమ; రవాణా ఖర్చు కలిపాక టన్ను ధర. అక్కడి టన్ను 907 కిలోలే సుమా.

మన సింగరేణిలో దొరికేది ఈ రకం కాదు. ఆంత్రసైట్‌కు పెద్దగా పొగ లేదని ధీమా మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ఈ పొయ్యి ఉన్న ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం ఉండి తీరాలి.