ఫుట్‌బాలు శిక్షణాలయములు - పసివారి భారము, తల్లిదండ్రుల బాధ్యత

ఆట పిల్లల సొత్తు. పరుగెత్తుట, పడుట, మరల లేచుట, గెలిచిననాడు కేరింతలు కొట్టుట, ఓడిననాడు అన్నము ముందు అలుగుట, మరునాటికి మరచిపోవుట - ఇవి యన్నియు బాల్యమునకు సహజములు. ఏ తల్లియు బిడ్డను ఆటకు పంపి, వాడు తిరిగివచ్చినపుడు “నేడేమి సంపాదించితివి?” అని యడుగదు. కాని ఆట వ్యాపారమై, ఆ వ్యాపారము కోట్ల ధనముతో నడచుచున్నపుడు, ఎవరును నోట ననకున్నను ఆ ప్రశ్న తానై వచ్చి ఇంటిలో కూర్చుండును. ఇంగ్లండు దేశమున ఫుట్‌బాలు క్లబ్బులు నడపుచున్న బాలశిక్షణాలయములలో నేడు కనబడుచున్న కష్టమిదియే. వానిని అచ్చట అకాడమీలందురు. దూరదేశపు సంగతి మనకేల యని సోదరీమణులు తలంపవలదు. బిడ్డ ప్రతిభను అందరికంటె ముందుగా గుర్తించి, ముందుగా దారిలో పెట్టి, ముందుగా ఫలము కోయవలెనను ఆతురత ఏ యొక్క దేశమునకును పరిమితము కాదు. వైద్య, ఇంజనీరింగు ప్రవేశపరీక్షలకై వసతిగృహములలో చదువుచున్న పిల్లల తల్లులకు ఈ కథ కొంతవరకు పరిచితముగనే తోచును.

ముందుగా ఆ అకాడమీల పద్ధతిని తెలిసికొందము. 2012వ సంవత్సరమున ప్రీమియర్ లీగు వారు బాలుర శిక్షణ కంతకును ఒక క్రొత్త పథకము నేర్పరచిరి. దాని ప్రకారము అకాడమీలు 4 తరగతులుగా విభజింపబడినవి. మొదటి తరగతి అకాడమీకి మంచి మైదానములు, వానకాలమున ఆడుటకు పైకప్పుగల శాలలు, వైద్య సిబ్బంది, చదువు చూచు ఉపాధ్యాయులు ఉండవలెను. 9 ఏండ్లలోపువారి జట్టుతో మొదలిడి బాలుని పేరు క్లబ్బులో నమోదు చేయవచ్చును. అనగా 8 ఏండ్ల ప్రాయముననే బిడ్డ ఒక క్లబ్బునకు చెందినవాడగును. అంతకు ముందే, ఐదారేండ్ల పసివా రాడు ఆదివారపు ఆటలకు క్లబ్బుల అన్వేషకులు వచ్చి, గట్టున నిలిచి చూచి, నచ్చినవారిని అభ్యాసమునకు పిలుచుచుందురు. చిన్నవారికి మొదటి తరగతి అకాడమీలో వారమునకు 4 మొదలు 8 గంటల శిక్షణ; 12 ఏండ్లు దాటినపిమ్మట అది 10 గంటలకు మించును. దీనికి తల్లిదండ్రులు రుసుము చెల్లింప నక్కరలేదు. ఉపాధ్యాయులు నేర్పరులు, వసతులు శ్రేష్ఠములు. క్రమశిక్షణ, ఆరోగ్యము, స్నేహము - ఇన్ని మేళ్లను అక్కడ పొందిన బాలు రెందరో కలరు. ఈ మేలును కాదనుట న్యాయము కాదు.

కాని రుసుము లేనంత మాత్రమున వెల లేదని యెంచరాదు. నమోదు మొదట ఒక్కొక్క యేటికి, తరువాత రెండేసి యేండ్లకు జరుగును. గడువు తీరినప్పుడెల్ల ఆ బాలుని ఉంచుకొందుమా, పంపివేయుదుమా యని క్లబ్బువారు నిర్ణయింతురు. 16వ యేట కొందరికే రెండేండ్ల విద్యార్థివేతనము దొరకును. 18వ యేట వారిలోను కొందరికే వృత్తి యొడంబడిక లభించును. నమోదైన బాలుడు వేరొక క్లబ్బునకు పోదలచినయెడల క్రొత్త క్లబ్బు పాతదానికి పరిహార మీయవలసి వచ్చును. శిక్షణకు వ్యయపడినవారికి ఇది న్యాయమే కావచ్చును. అయినను పదిపండ్రెండేండ్ల బిడ్డ పేర ఒక వెల యేర్పడుట వినినంతనే తల్లి మనస్సు చివుక్కుమనును.

ఇంతకును తుదిమెట్టు ఎక్కువారెందరు? ఈ విషయమును చిరకాలము పరిశీలించిన పత్రికారచయిత మైకేల్ కాల్విన్ 2017వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో ఒక లెక్క నిచ్చెను. ఇంగ్లండులో జట్లుకట్టి ఫుట్‌బా లాడుచున్న బాలురు సుమారు 15 లక్షలు. వారిలో ప్రీమియర్ లీగున వృత్తిక్రీడాకారులు కాగలవారు 180 మంది. అనగా సుమారు ఎనిమిదివేల మూడువందలమందికి ఒక్కడు. ఈ లెక్క తెలియని తల్లిదండ్రులు అరుదు. కాని “ఆ యొక్కడు మావాడే యేల కారాదు?” అను ఆశ, లెక్కకు లోబడునది కాదు.

ఆ యాశ ఇంటినంతటిని తనచుట్టు త్రిప్పుకొనును. వారమున మూడు నాలుగు సాయంకాలములు బడి విడిచిన వెంటనే బిడ్డను కారులో నెక్కించుకొని దూరపు మైదానమునకు పోవలెను. రాత్రిభోజనము కారులోనే. తండ్రి పనివేళలు మార్చుకొనును. తల్లి తన కొలువునే తగ్గించుకొనును. చెల్లెలి పుట్టినరోజు ఆటరోజున వచ్చినచో పుట్టినరోజే వెనుకకు పోవును. ఆటకానితో ఆటకాని అన్నదమ్ములు ఇంటిలో రెండవపంక్తివారగుదురు. ఇంత త్యాగము జరుగుచున్నదని ఆటకాడైన బిడ్డకు తెలియకుండునా? ఎవరును చెప్పకయే తెలియును. తా నొకనాడు ఆట చాలించినచో ఇందరి శ్రమ వ్యర్థమగునని తొమ్మిదేండ్లవాడు లోలోన లెక్కవేసికొనును. మైదానపు గట్టునుండి తండ్రి కేకలు వేయనక్కరలేదు. తిరుగుప్రయాణమున ఆయన మౌనమే వానికి చాలును. అట్టి కేకలును తక్కువ కాదు గనుకనే 2008వ సంవత్సరమున ఆ దేశపు ఫుట్‌బాలు సంఘమువారు ‘గౌరవము’ అను పేర నొక ఉద్యమ మారంభించి, పిల్లల మైదానముల చెంత తల్లిదండ్రులు గీత దాటకుండ హద్దుత్రాళ్లు కట్టింప వలసివచ్చినది.

ఎంపికలో నొక వింతయు గలదు. ఇంగ్లండులో బడి సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీతో మొదలగును. ఆటజట్లును ఆ తేదీ ననుసరించియే కూర్పబడును. సెప్టెంబరున పుట్టినవాడును, మరుసటి ఆగస్టున పుట్టినవాడును ఒకే జట్టు. ఎనిమిదేండ్ల ప్రాయమున పదునొకండు నెలల పెద్దరికము సామాన్యము కాదు. పెద్దవాడు బలముగా తన్నును, వేగముగా పరుగెత్తును. చూచువారు ఆ పెరుగుదలనే ప్రతిభ యని భ్రమపడుదురు. అందుచేత అకాడమీలలో సంవత్సరారంభపు నెలలలో పుట్టిన పిల్లలు హెచ్చుగను, వేసవిలో పుట్టినవారు తక్కువగను కనబడుచున్నారు. హ్యారీ కేన్ కథ దీనికి తార్కాణము. 1993వ సంవత్సరము జూలై 28వ తేదీన పుట్టిన ఈ బాలుని ఆర్సెనల్ క్లబ్బువారు 8వ యేటనే పంపివేసిరి. అతడే 2023వ సంవత్సరము మార్చిలో ఇంగ్లండు జట్టు చరిత్రలో నెల్లర కంటె నెక్కువ గోలులు చేసినవాడయ్యెను. జేమీ వార్డీ యను నతడు 16వ యేట షెఫీల్డు క్లబ్బొకదానినుండి పంపివేయబడి, కర్మాగారమున పనిచేయుచు చిన్న జట్లలో ఆడి, 2016వ సంవత్సరమున లెస్టరు జట్టుతో ప్రీమియర్ లీగు గెలిచెను. వీరివలె అందరును పైకి వత్తురని దీని భావము కాదు. ఎనిమిదవ యేటనో పదునారవ యేటనో పెద్దలు చెప్పిన తీర్పు దైవవాక్కు కాదని మాత్రమే తెలిసికొనవలెను.

ఇక దేహమును గూర్చి. ఎదుగుచున్న బిడ్డ యెముకల చివరల మృదువైన భాగములుండును. ఎనిమిదేండ్లకును పదునాలుగేండ్లకును నడుమ, త్వరత్వరగా ఎత్తు పెరుగు దినములలో, విరామము లేని పరుగువలన మడమయందును, మోకాలి క్రిందను నొప్పి పుట్టుట సాధారణము. విశ్రాంతి దీనికి ముఖ్యమైన మందు. కాని స్థానము పోవునను భయముచే నొప్పిని దాచు బాలు రెందరో! అమెరికా దేశపు శిశువైద్య సంఘము 2016వ సంవత్సరమున చేసిన హితవు ప్రకారము, సుమారు 15, 16 ఏండ్లు వచ్చువరకు బిడ్డను ఒక్క యాటకే కట్టివేయరాదు. వారమున ఒకటి రెండు దినములును, సంవత్సరమున విడివిడిగా నైనను మొత్తము 3 మాసములును ఆ యాటకు సెలవీయవలెను.

దేహపు నొప్పికంటె మనసు నొప్పి గూఢమైనది. ఎనిమిదవ యేటినుండి “వీడు ఫలానా క్లబ్బు పిల్లవాడు” అని బడిలోను, వీధిలోను, బంధువులలోను పిలువబడిన బాలుడు, ఒకనాడు “నీవు మాకక్కరలేదు” అనిపించుకొన్నపుడు, పోయినది ఆట యొక్కటియే కాదు. తా నెవడో తెలిపిన పేరే పోయినట్లగును. స్నేహితులందరు ఆ జట్టువారే గనుక స్నేహమును పోవును. 2020వ సంవత్సరము అక్టోబరులో, ఒక ప్రసిద్ధ క్లబ్బు అకాడమీనుండి అంతకుముందు పంపివేయబడిన 18 ఏండ్ల యువకుడు అకాలమరణము నొందగా, ఇట్టి బాలుర మనఃస్థితిని గూర్చి ఆ దేశమున పెద్ద చర్చ జరిగెను. అట్టి దుఃఖమునకు ఒకే కారణము చెప్పుట తగదు. కాని పంపివేసిన మరునాటినుండి ఆ బిడ్డలను పలుకరించువారెవరను ప్రశ్న అందరిని కలచివైచెను. 2022వ సంవత్సరమున లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బువారు, తాము పంపివేసిన యువకులను 3 ఏండ్లపాటు విడువక పలుకరించి, చదువునకో పనికో దారిచూపు నేర్పాటు చేసిరి. ఇట్టిది ప్రతి క్లబ్బునకును విధి కావలెను.

మరియొక సంగతి చెప్పుటకు కష్టముగా నున్నను చెప్పక తప్పదు. 2016వ సంవత్సరము నవంబరులో, ఒకనాటి ఆటగాడు తాను బాలుడై యున్నపుడు శిక్షకునిచే పొందిన దురాచారమును బహిరంగముగా చెప్పెను. ఆ వెనుక అనేకులు ధైర్యము తెచ్చుకొని నోరువిప్పిరి. 2021వ సంవత్సరము మార్చిలో వెలువడిన విచారణ నివేదిక, 1995 మొదలు 2000 వరకు పిల్లల రక్షణకు తగిన కట్టుబాట్లు చేయుటలో ఫుట్‌బాలు సంఘము జాగుచేసెనని తేల్చినది. ఆ బాలు రేల మాటాడలేదు? తమ భవిష్యత్తు ఆ శిక్షకుని చేతిలో నున్నదని నమ్మిరి గనుక. తల్లిదండ్రు లేల అనుమానింపలేదు? బిడ్డకు మేలు చేయువాడని నమ్మిరి గనుక. గొప్ప ఆశ చూపువానిముందు మన కన్నులు సగము మూసికొనును. నేడు కట్టుబాట్లు పెరిగినవి. అయినను తల్లి మెలకువకు బదులు కాగల కట్టుబాటు లేదు.

వేరు మార్గములు లేకపోలేదు. కొన్ని అకాడమీలు వయస్సునుబట్టి గాక, తల్లిదండ్రుల యెత్తును, బిడ్డ యెత్తును లెక్కించి, దేహపు పెరుగుదలనుబట్టి అప్పుడప్పుడు జట్లు కూర్చుచున్నవి. నార్వే దేశపు క్రీడాసమాఖ్య 1987వ సంవత్సరముననే బాలల క్రీడలకు నియమములు చేసినది. వానినిబట్టి పిల్లలకు 11వ యేడు వచ్చువరకు గెలుపోటముల పట్టికలు ప్రకటింపరాదు. 13 రానిదే దేశస్థాయి విజేతపోటీలు కూడవు. ఇట్లు మెల్లగా నడచినందున ఆ దేశము వెనుకబడెనా? సుమారు 50 లక్షల జనులుగల ఆ దేశమే 2018వ సంవత్సరపు శీతకాల ఒలింపిక్సున 39 పతకములతో ముందు నిలిచినది.

ఆడపిల్లలకును ఈ ద్వారములు తెరచుకొనుచున్నవి. 1921వ సంవత్సరమున ఇంగ్లండు సంఘమువారు తమ మైదానములలో స్త్రీలు ఫుట్‌బా లాడరాదని నిషేధించిరి. ఆ నిషేధము సుమారు 50 ఏండ్లు నిలిచినది. నేడు ఆ దేశపు వనితలు 2022, 2025 సంవత్సరములలో యూరపు విజేతలైరి. మన నిజామాబాదు ప్రాంతపు గుగులోతు సౌమ్య 2022వ సంవత్సరమున క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బున చేరినది. ఇది సంతోషింపదగినదే. ద్వారముతోపాటు భారమును వచ్చును గనుక, బాలుర విషయమున జరిగిన పొరపాట్లు బాలికల విషయమున జరుగకుండ ఇప్పుడే చూచుకొనవలెను.

బిడ్డను ఇట్టి శిక్షణకు పంపదలచిన తల్లి కొన్ని ప్రశ్నలు ముందే యడుగవలెను. చదువు నెవరు చూతురు? నొప్పి కలిగినచో ఆపుమను అధికారము వైద్యునిదా, శిక్షకునిదా? పంపివేయు నిర్ణయమును బిడ్డకెవరు, ఎట్లు తెలుపుదురు? అటుపిమ్మట పలుకరించు నేర్పాటేమి? అభ్యాసమును తల్లిదండ్రులు చూడవచ్చునా? ఈ ప్రశ్నలకు విసుగుకొను సంస్థ బిడ్డ నప్పగింపదగినది కాదు. ఇంటిలోనైతే, ఆటతో సంబంధములేని ఒక స్నేహమును, ఒక అభిరుచిని బిడ్డకు నిలిపియుంచవలెను. తిరిగివచ్చునపుడు గోలు లెన్నియని కాక, సంతోషముగా నుండెనా, ఆకలియగుచున్నదా యని యడుగవలెను. “ఇక నాకు వలదమ్మా” అని వాడనగల చనువు ఎల్లప్పుడు నుండవలెను. ఆ మాట అన్ననాడు మన త్యాగముల జాబితా విప్పరాదు.

పంపివేసిన యుత్తరము వచ్చిననాడు వాని నోదార్చుటకు గొప్ప మాటలు వెదక నక్కరలేదు. ఏడ్చినచో ఏడువనిండు. ఎప్పటివలె విస్తరి వేసి, ఎప్పటి చోటనే కూర్చుండబెట్టి, ఎప్పటివలె వడ్డింపుడు. క్లబ్బులో తన స్థానము పోయినను ఇంటిలో తన స్థానము వెంట్రుకవాసియు కదలలేదని ఆ రాత్రియే వానికి తెలియవలెను.