కీబోర్డు కొనే ముందు పాట లెక్క చూసుకుందాం

సంఘానికి కీబోర్డు కొనాలని దుకాణానికి వెళ్లిన పెద్దలకు ముందుగా వినిపించేది ఒక అంకె. ఇందులో 205 స్టైల్స్ ఉన్నాయండి, దానిలో 290 ఉన్నాయండి, ఇంకాస్త పెట్టుకోగలిగితే 400 ఉన్నది ఇస్తాం అంటారు. ప్రత్యేక కానుకలు పోగుచేసి, నెలల తరబడి దాచిన డబ్బుతో వచ్చిన వారు ఎక్కువ అంకె ఉన్నదే మంచిదనుకుని కొంటారు. ఇంటికి తెచ్చాక ఆ వందల స్టైల్స్‌లో పది పన్నెండు మాత్రమే వాడుకలో ఉంటాయి. తక్కినవి సాంబా, స్వింగ్, డిస్కో. అవి మంచివే, కానీ మన ఆరాధనలో వాటికి పని తక్కువ. అందుకని ఎన్ని స్టైల్స్ అనే ప్రశ్నకు బదులు, మనం పాడే పాటల్లో ఎన్నింటికి ఈ పెట్టె సరిపోతుంది అని అడగాలని మా అభిప్రాయం.

ముందుగా ఈ పరికరం చేసే పనేమిటో చూద్దాం. మామూలు కీబోర్డులో మీట నొక్కితే ఒక స్వరం పలుకుతుంది. అరేంజర్ కీబోర్డులో ఎడమ చేతి వైపు మీటలు వేరే పని చేస్తాయి. అక్కడ ఒక కార్డ్ పట్టుకుంటే, లోపల దాచి ఉంచిన డ్రమ్స్, బేస్, గిటారు, వయోలిన్ల బృందం ఆ కార్డ్‌లో వాయించడం మొదలుపెడుతుంది. కార్డ్ మారిస్తే బృందమూ మారుతుంది. కుడిచేత్తో పాట వాయించుకోవచ్చు. ఈ బృందవాద్యాన్నే యమహా వారు స్టైల్ అంటారు, కాసియో వారు రిథమ్ అంటారు. రెండూ ఒకటే. యమహా స్టైల్‌లో మొత్తం ఎనిమిది భాగాలు ఉంటాయి: తాళవాద్యాలకు రెండు, బేస్‌కు ఒకటి, కార్డ్‌లకు రెండు, వెనుక సన్నగా సాగే స్వరాలకు ఒకటి, మధ్యలో వచ్చే చిన్న పలుకులకు రెండు. ఇవి కాక పాట మొదట్లో ఇంట్రో, పల్లవికీ చరణానికీ వేరువేరుగా వాడుకునే మెయిన్, ఒకదాన్నుంచి మరొకదానికి వెళ్లేటప్పుడు ఫిల్, చివర ఎండింగ్.

తయారీదారులు ప్రతి కార్డ్‌కూ విడిగా బృందాన్ని కూర్చోబెట్టి రికార్డు చేయరు. ఒక మూల కార్డ్ మీద పలుకులు రాసి పెడతారు. మనం పట్టుకున్న కార్డ్‌ను బట్టి యంత్రం ఆ పలుకులను జరుపుకుంటుంది. అంటే యంత్రానికి కార్డ్ తెలుసు, రాగం తెలియదు. ఉదాహరణకు మోహన రాగంలోని కీర్తన తీసుకోండి. మోహనలో మధ్యమం లేదు, నిషాదం లేదు. మనం సి మేజర్ పట్టుకోగానే, వెనుక వినిపించే గిటారు పలుకులో ఆ లేని స్వరాలు కూడా దర్జాగా వచ్చి కూర్చోవచ్చు. పాడేవాళ్లకు ఏదో ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకో తెలియదు. వాయించే కుర్రవాడు తప్పు వాయించాడనుకుంటారు. పాపం, అతని తప్పేమీ లేదు.

దీనికి యమహా వాటిలో ఒక చిన్న ఉపాయం ఉంది. ఎడమచేత్తో మూడు స్వరాల కార్డ్ కాకుండా షడ్జమం, పంచమం రెండే పట్టుకుంటే, బృందం ఆ రెండు స్వరాల మీదే ఆధారపడి వాయిస్తుంది. గాంధారం పెద్దదా చిన్నదా అనే పేచీ ఉండదు. ఇంకా సులువైన దారి ఏసీఎంపీ అని రాసి ఉన్న బటన్ ఆపేయడం. అప్పుడు తాళవాద్యాలు మాత్రమే మోగుతాయి, బేసూ గిటార్లూ ఊరుకుంటాయి. పాత కీర్తనలకు చాలాసార్లు ఇదే హాయిగా ఉంటుంది.

స్టైల్ అనేది పాటకు తోడు మాత్రమే అనుకుంటాం గానీ, దాని బలం మనం ఊహించే దానికంటే ఎక్కువ. 1981లో కాసియో వారు ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు తెచ్చారు. అందులోని రాక్ అనే రిథమ్‌ను కూర్చినది హిరోకో ఒకుడా అనే యువ ఉద్యోగిని. ఆ బేస్ పలుకును తీసుకుని జమైకాలో 1985లో వేన్ స్మిత్ ఒక పాట పాడారు. దాంతో ఆ దేశపు రెగ్గే సంగీతం నడకే మారిపోయింది. ఆ ఒక్క పలుకు మీద వందలాది పాటలు వచ్చాయి. జపానులో ఒక డెస్కు దగ్గర తయారైన నాలుగు చుక్కల లయ సముద్రం దాటి ఒక జాతి పాటల తీరును మార్చగలిగింది. మన మందిరంలో ప్రతి ఆదివారం మోగే స్టైల్ మన పాటల్ని ఏమీ చేయదని ఎలా అనుకోగలం?

చేసేది ఎక్కువగా తాళం దగ్గరే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలుకొని ఎందరో భక్తులు ఈ నేల రాగాల్లో, ఈ నేల తాళాల్లో రాశారు. ఆది తాళపు కీర్తనలకు కీబోర్డుతో బాధ లేదు, 4/4 స్టైల్ ఏదైనా పొసగుతుంది. తిశ్ర గతిలో నడిచేవాటికి 6/8 గానీ 3/4 గానీ కావాలి. అయితే 3/4 అనగానే వాల్ట్జ్ నొక్కకండి. అందులో మొదటి దెబ్బకు బేస్, తక్కిన రెండిటికి గిటారు పడి, కీర్తన కాస్తా విదేశీ నాట్యశాలలోకి వెళ్లిపోతుంది. నెమ్మదైన 6/8 గానీ, భారతీయ స్టైల్స్‌లో దాద్రా గానీ ఎంచుకుంటే తబలా, డోలక్ నడక వస్తుంది. దాద్రాకు ఆరు మాత్రలు, కెహర్వాకు ఎనిమిది. ఇవి ఉత్తరాది పేర్లే అయినా మన సంఘాల్లో డోలక్ వాయించేవారి చేతుల్లో ఎప్పటినుంచో ఉన్నవే.

చాపు తాళాల దగ్గర అసలు చిక్కు వస్తుంది. మిశ్ర చాపు అంటే తకిట తకధిమి, ఏడు. ఖండ చాపు అంటే తక తకిట, ఐదు. ఇంటి కీబోర్డుల్లో అత్యధికం 4/4, కొన్ని 3/4, 6/8. ఐదూ ఏడూ చాలా అరుదు. స్టైల్ దొరకలేదని ఏడు లెక్క కీర్తనను 4/4 మీద ఎక్కిస్తే ఏమవుతుంది? ప్రతి ఆవర్తనానికీ ఒక మాత్ర ఎక్కువ పడుతుంది. ఆ ఖాళీ నింపడానికి ఎక్కడో ఒక అక్షరాన్ని సాగదీయాలి. దీర్ఘం లేనిచోట దీర్ఘం వస్తుంది, మాట విరుగుతుంది. చిన్నప్పటినుంచి ఆ కీర్తన పాడిన అమ్మమ్మలూ తాతయ్యలూ పాత నడకలోనే వెళ్తారు, పెట్టె తన నడకలో వెళ్తుంది. రెండు మూడు ఆదివారాలు ప్రయత్నించి పెద్దవాళ్లు నోరు మూసుకుంటారు. పిల్లలకు మాత్రం ఆ కీర్తన 4/4 గానే తెలుస్తుంది. ఇంకో ఇరవై ఏళ్లకు పుస్తకంలో చాపు అని అచ్చువేసిన మాట ఉంటుంది గానీ, దాన్ని పాడి చూపించేవారు ఉండరు.

అలాంటి కీర్తన వచ్చినప్పుడు స్టైల్ ఆపేయాలి. హార్మోనియం స్వరం పెట్టుకుని పాట వాయిస్తే చాలు. తాళానికి డోలకో కంజీరో తాళాలో ఉండనే ఉన్నాయి. కీబోర్డు వచ్చిందని డోలక్ అటకెక్కించిన సంఘాలు దాన్ని దించుకోవాలి. ఇంట్లో సాధనకు మరో వెసులుబాటు ఉంది: యమహా పీఎస్ఆర్-ఈ శ్రేణిలో మెట్రోనోమ్‌ను ఏడుకూ ఐదుకూ కూడా పెట్టుకోవచ్చు. ప్రతి ఆవర్తనం మొదట గంట మోగుతుంది. పిల్లలకు చాపు నేర్పడానికి అది ఎంతో ఉపయోగం.

ఇంగ్లీషు నుంచి అనువదించుకున్న పాత కీర్తనలది ఇంకో రకం ఇబ్బంది. వాటిని నాలుగు గొంతుల కోసం రాశారు, దాదాపు ప్రతి మాత్రకూ కార్డ్ మారుతుంది. స్టైల్‌కు ఒక కార్డ్ మీద కనీసం రెండు మూడు మాత్రలైనా నిలబడడం ఇష్టం. అందుకే వీటికి స్టైల్ పెడితే బేస్ తడబడుతున్నట్టు ఉంటుంది. ఆర్గన్ స్వరంతో రెండు చేతులా వాయించడమే వీటికి మేలు. ఇక ఈ కాలపు ఆరాధన గీతాలకు అరేంజర్ చేసిపెట్టినట్టుగా ఉంటుంది. నాలుగు కార్డ్‌లు, 4/4, చరణానికి మెయిన్ ఏ, పల్లవికి మెయిన్ బీ, మధ్యలో ఫిల్. గృహ కూడికలో ఒక్క అమ్మాయి కూర్చుని పూర్తి బృందంలా నడిపించగలదు.

ఇప్పుడు పెట్టెల సంగతి. యమహాలో పీఎస్ఆర్-ఈ273 చవకే, కానీ దానిలో టచ్ లేదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే శబ్దం. నేర్చుకునే పిల్లల చేతికి అది మంచి అలవాటు కాదు కాబట్టి మేము దాన్ని సూచించం. పీఎస్ఆర్-ఈ373లో టచ్ ఉంది, 622 స్వరాలు, 205 స్టైల్స్. ఆరు పెన్సిల్ సెల్లతో కూడా నడుస్తుంది. కరెంటు పోయే ఊళ్లలో గృహ కూడికలకు ఇది చిన్న విషయం కాదు. పీఎస్ఆర్-ఈ473లో 820 స్వరాలు, 290 స్టైల్స్ ఉన్నా, మాకు దానిలో నచ్చినవి ఆ అంకెలు కావు. మిక్సర్‌కు కలపడానికి విడిగా ఎడమ, కుడి అవుట్‌పుట్‌లు ఉండడం, పెన్‌డ్రైవ్ పెట్టుకునే వీలు ఉండడం. మందిరంలో సౌండ్ సిస్టమ్ ఉన్నవారికి ఈ తేడా మొదటి ఆదివారమే తెలుస్తుంది.

కాసియోలో సీటీ-ఎక్స్700కు 600 స్వరాలు, 195 రిథమ్‌లు. సీటీ-ఎక్స్3000కు 800, 235. దానిలో రిథమ్‌ను మనమే సవరించుకుని దాచుకునే సౌకర్యమూ ఉంది. మన దేశం కోసమే చేసినవి కూడా రెండు కంపెనీల్లోనూ ఉన్నాయి: కాసియోలో సీటీ-ఎక్స్870ఐఎన్, సీటీ-ఎక్స్9000ఐఎన్, యమహాలో పీఎస్ఆర్-ఐ500. వీటిలో తబలా, హార్మోనియం, సితార్ లాంటి స్వరాలు, భారతీయ లయలు అదనం. ఐ500లో రియాజ్ అని తబలా, తంబూరాలతో సాధన చేసుకునే ఏర్పాటు ఉంది. కీర్తనలు ఎక్కువగా పాడే సంఘం అయితే, ఎక్కువ స్టైల్స్ ఉన్న విదేశీ మోడల్ కంటే వీటి వైపే చూడమంటాం.

యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్700, ఎస్ఎక్స్900, కోర్గ్ పీఏ700 వంటివి వేరే తరగతి, ధరా వేరే. ఎస్ఎక్స్700లో 400 స్టైల్స్, ఎస్ఎక్స్900లో 525. మెయిన్‌లు రెండు కాదు, నాలుగు. వీటిలో స్టైల్‌లోని ఏ భాగాన్నైనా విడిగా ఆపవచ్చు, డ్రమ్స్, బేస్ ఉంచి తక్కినవి మాన్పించవచ్చు. సొంత స్టైల్ తయారు చేసుకోవచ్చు. సింక్ స్టాప్ అనే బటన్ వేసుకుంటే ఎడమచేయి ఎత్తగానే బృందం ఆగుతుంది, దించగానే అందుకుంటుంది. పల్లవి చివర సంఘం సాగదీసి నిలబడేచోట యంత్రం పరుగెత్తకుండా ఆపడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. కానీ ఇవన్నీ వాడగల మనిషి సంఘంలో ఉంటేనే ఆ ఖర్చు. లేకపోతే ఈ373 కొని, మిగిలిన డబ్బుతో ఇద్దరు పిల్లలకు ఏడాది పాటు నేర్పించండి.

ఒక జాగ్రత్త: రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 మన సంఘాల్లో ఎక్కువగా కనబడుతుంది కదా అని అదీ ఇదీ ఒకటే అనుకోవద్దు. అది సింథసైజర్. స్వరాలు బాగుంటాయి, వేదిక మీద డ్రమ్స్, బేస్ వాయించేవారు పక్కన ఉన్నప్పుడు చక్కగా పనికొస్తుంది. దానిలో స్పీకర్లు కూడా ఉండవు. ఇంట్లో ఒంటరిగా వాయించుకోవడానికి అది తెచ్చుకుని నిరాశపడవద్దు.

దుకాణానికి వెళ్లేటప్పుడు వాయించే వ్యక్తినీ, పాటల పుస్తకాన్నీ వెంట తీసుకెళ్లండి. ఒక ఆది తాళపు కీర్తన, ఒక తిశ్ర గతిది, ఒక ఆరాధన గీతం అక్కడే వాయించి చూడండి. అమ్మేవారు చూపే డెమో పాటను పట్టించుకోనక్కరలేదు, అది ఏ పెట్టెలోనైనా బాగానే ఉంటుంది. వేగాన్ని సంఘం పాడే నడకకు తగ్గించి వినండి. చాలా స్టైల్స్ నిమిషానికి 100 దెబ్బల దగ్గర బాగుండి, 70కి దించగానే బోసిపోతాయి. పాటకు తగిన వేగం టాప్ బటన్ మీద వేలితో కొట్టి పెట్టుకోవచ్చేమో అడగండి.

తెలుగు క్రైస్తవ పాటల స్టైల్స్ అని పెన్‌డ్రైవ్‌లలో అమ్మేవి కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. యమహా స్టైల్ ఫైళ్లు కాసియోలో పనిచేయవు, కాసియోవి యమహాలో పనిచేయవు. ఎస్ఎక్స్ కోసం చేసిన స్టైల్‌ను ఈ శ్రేణిలో ఎక్కించినా, అందులో వాడిన స్వరాలు ఇక్కడ లేకపోతే వేరే స్వరాలు పలుకుతాయి, డోలక్ మోగాల్సినచోట మరేదో మోగుతుంది. ఇక ఈ373కి పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు. ఫైళ్లు ఎక్కించాలంటే కంప్యూటరుకు తీగతో కలపాలి.