మంద కాసే కుక్కకూ ఒక ఫొటో!

నందిపేట్: ఇంట పెళ్లి జరిగినా, బిడ్డ పుట్టినా ఫొటో తీయించుకోవడం పల్లెల్లో మామూలే. ఏళ్ల తరబడి గొర్రెల మందను, కళ్లంలో ఆరబోసిన పసుపును కాపలా కాసిన కుక్కకు మాత్రం ఒక్క ఫొటో కూడా ఉండదు. కుక్క ఆయుష్షు సాధారణంగా పది, పన్నెండేళ్లే. గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు తిరిగి వచ్చేసరికి అది ఉండకపోవచ్చు. సెల్‌ఫోన్ ఇంటింటికీ వచ్చిన ఈ రోజుల్లో ఆ కొరత తీర్చుకోవడం కష్టమేమీ కాదు. కొన్ని మెళకువలు తెలిస్తే చాలు.

కళ్ల ఎత్తుకు దిగాలి

నిలబడి పైనుంచి తీస్తే ఏ కుక్క అయినా పెద్ద తలతో, పొట్టి కాళ్లతో కనిపిస్తుంది. తీసేవారు గొంతుక్కూర్చుని, ఫోన్‌ను కుక్క కళ్ల ఎత్తుకు దించాలి. మరీ దగ్గరకు వెళితే ముక్కు ఉబ్బినట్లు వస్తుంది కనుక నాలుగైదు అడుగుల దూరం ఉండాలి. ఎండ ముదరకముందు గాని, అరుగు నీడలో గాని తీయడం మేలు. మిట్టమధ్యాహ్నం నల్ల కుక్క బొగ్గు ముద్దలా, తెల్ల కుక్క సున్నపు ముద్దలా వస్తుంది. ఫ్లాష్ వాడరాదు. కుక్క కంటి వెనుక అద్దంలాంటి పొర ఉన్నందున కళ్లు పచ్చగా మెరుస్తాయి.

జాతిని బట్టి తీరు

పొడవు కాళ్లు, సన్నని నడుము గల ముధోల్ వంటి వేటకుక్కను పక్కకు నిలబెట్టి, ఒళ్లంతా కనిపించేలా తీయాలి. చప్పిడి ముక్కు పగ్‌కు ఎదురు ముఖమే అందం. తెల్లని బొచ్చు పొమరేనియన్‌ను ముదురు రంగు గోడ ముందు కూర్చోబెట్టాలి. పెద్దది, చిన్నది కలిపి తీయవలసి వస్తే పెద్దదాన్ని పడుకోబెట్టి, చిన్నదాన్ని పక్కనే పీటపై కూర్చోబెట్టాలి. రెండూ ఫోన్‌కు ఒకే దూరంలో ఉంటేనే రెండు ముఖాలూ స్పష్టంగా వస్తాయి.

జాగ్రత్త అవసరం

కుక్కను సాకినవారు పక్కనే ఉండాలి. తింటున్న కుక్క, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరకు కొత్తవారు వెళ్లరాదు. గుర్రుమన్నా, తోక ముడుచుకున్నా వెంటనే ఆపివేయాలి. పొరపాటున కరిస్తే గాయాన్ని సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో టీకా వేయించుకోవాలి.

తపాలా శాఖ 2005 జనవరి 9న ముధోల్, రాజపాళయం, రాంపూర్ వేటకుక్క, హిమాలయ గొర్రెల కాపలా కుక్కల బొమ్మలతో నాలుగు స్టాంపులు విడుదల చేసింది. ఉమ్మెడ వైపు గోదావరి ఒడ్డున మందల వెంట తిరిగే ఊరకుక్కకు అంతటి గౌరవం దక్కకపోవచ్చు. అయితే అది కాపలా కాసిన ఇంటి గోడపై, పరదేశంలో ఉన్న కొడుకు ఫోన్‌లో దాని బొమ్మకు చోటు ఉండాలి. అది బతికి ఉండగానే ఆ ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది.