పక్కవీధికి ఆకాశమార్గం

ఇంటర్నెట్ కంపెనీలు ఒకదానికొకటి డేటా ఎలా అందించుకుంటాయి? రెండు వారాలకే మూతపడ్డ ఒక గది లెక్కలు చెబుతాయి.

‘‘రాత్రి తొమ్మిదైతే వీడియో ఎందుకు గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది? ఈ ఆదివారం ముఖచిత్రం అదే. శుక్రవారం మధ్యాహ్నానికి కాపీ నా టేబుల్ మీదుండాలి’’ అన్నారు ఎడిటర్. కేబుళ్లు, టవర్లు, 5జీ అంటూ రాసుకుపోతే పేజీలు నిండుతాయి. కానీ తిరగేసిన కాగితాల్లో నన్ను పట్టుకుని వదలనివి కెన్యాకు సంబంధించిన నాలుగు ధరలు.

2000 నవంబరు. నైరోబీ నడిబొడ్డున ఒక వాణిజ్య భవనంలో అక్కడి ఇంటర్నెట్ కంపెనీలు కొన్ని తమ లైన్లు తెచ్చి ఒకేచోట కలుపుకున్నాయి. పేరు కెన్యా ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ పాయింట్. అప్పటికి ఆ దేశానికి సముద్రగర్భ కేబుల్ లేదు. అది 2009లో గానీ రాలేదు. బయటి ప్రపంచంతో రాకపోకలన్నీ ఉపగ్రహం మీదుగానే. వీధికి ఇటున్న ఆఫీసు ఒక కంపెనీ కనెక్షన్ మీద, అటున్న బ్యాంకు మరో కంపెనీ కనెక్షన్ మీద ఉంటే, వాళ్ల మధ్య ఈమెయిల్ దాదాపు 36,000 కిలోమీటర్లు పైకెక్కి, అమెరికాలోనో ఐరోపాలోనో దిగి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కి నైరోబీలో దిగాలి. ఒకసారి ఎక్కి దిగడానికి సుమారు పావు సెకను. పోవడానికి రెండుసార్లు, జవాబు రావడానికి రెండుసార్లు. సెకను అక్కడే ఖర్చయిపోయింది. ఆపైన ఇరుకు లైనులో వంతు కోసం పడిగాపులు. కొలిస్తే 1,200 నుంచి 2,000 మిల్లీసెకన్లు తేలింది. ఎక్స్ఛేంజీలో కలిశాక అది 60 నుంచి 80కి దిగింది.

ఇక ఆ ధరలు. 64 కిలోబిట్ల విదేశీ లైనుకు నెలకు 3,375 డాలర్లు. ఎక్స్ఛేంజీ వరకు వేసుకునే స్థానిక లైనుకు 200. 512 కిలోబిట్లదైతే అక్కడ 9,546, ఇక్కడ 650. ఈ అంకెల్ని అడ్డంగా కాకుండా ఐమూలగా చదవండి. ఎనిమిదింతల సామర్థ్యం ఉన్న స్థానిక లైను, సన్నటి విదేశీ లైను ధరలో అయిదో వంతుకే వస్తోంది. పైగా ఊళ్లో మాటలు ఊళ్లోనే తేలిపోతే, నిజంగా విదేశం వెళ్లాల్సిన డేటాకు ఉపగ్రహం మీద చోటు మిగులుతుంది. ఒక్క కొత్త లైను కొనకుండానే పాత లైను వెడల్పైనట్టు!

రెండు వారాలు తిరక్కుండానే మూసెయ్యమని నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఫిర్యాదు చేసింది ప్రభుత్వ సంస్థ టెల్కామ్ కెన్యా. అంతర్జాతీయ ట్రాఫిక్ మీద చట్టం తమకిచ్చిన గుత్తాధిపత్యాన్ని ఈ గది ఉల్లంఘిస్తోందని దాని వాదన. ఇది మాలో మేం వాడుకునే ఏర్పాటు, బయటివాళ్లకు అమ్మడం లేదు కదా అని కంపెనీల సంఘం టెస్పాక్ అప్పీలుకెళ్లింది. ఏడాది గడిచాక, 2001 నవంబరులో లైసెన్సు దక్కింది. 2002 ఫిబ్రవరిలో గది మళ్లీ తెరుచుకుంది.

ఆ ఫిర్యాదు చదివి నాకు టెల్కామ్ మీద కోపం రాలేదు. చుట్టుదారిలో టోల్‌గేటు ఎవరిదో చెప్పే వాంగ్మూలం అంతకన్నా సూటిగా ఎక్కడ దొరుకుతుంది? సాంకేతిక సమస్య అని మనకు చెప్పేవాటిలో సగం ఇలాంటి పేచీలేనని నా అనుమానం. 2014లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సినిమాలు కామ్‌కాస్ట్ కంపెనీ కనెక్షన్ ఉన్న ఇళ్లలో నత్తనడక నడిచాయి. ఇద్దరి నెట్‌వర్కులూ కలిసే చోట రద్దీ. ఖర్చు ఎవరిదన్నది తగువు. ఆ ఫిబ్రవరిలో డబ్బు కట్టి నేరుగా కలవడానికి నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది. వేగం పెరిగింది. రాత్రి తొమ్మిది గంటల ప్రశ్నకు జవాబు చాలాసార్లు అలాంటి కూడలిలోనే ఉంటుంది.

కెన్యా సంగతి ఇంటర్నెట్ సొసైటీ తర్వాత కూడా అధ్యయనం చేయించింది. 2012లో దేశం వాడే ట్రాఫిక్‌లో సుమారు 30 శాతమే దేశంలోపల దొరికేది. 2020 నాటికి అది 70 శాతమైంది. గూగుల్ లాంటి సంస్థలు వీడియోల నకళ్లను అక్కడే నిల్వ పెట్టడం ఇందుకు పెద్ద కారణం.

ఇలాంటి ఎక్స్ఛేంజీల చరిత్ర కావాలంటే గబగబా: వాషింగ్టన్ దగ్గర మే-ఈస్ట్ 1992లో, లండన్ లింక్స్ 1994లో, ఫ్రాంక్‌ఫర్ట్ డీఈ-సిక్స్ 1995లో ఒక పాత పోస్టాఫీసు గదిలో మొదలయ్యాయి. మనదేశపు నిక్సీ 2003లో పుట్టింది.

ఎవరు ఎవరికి కట్టాలి?

పెద్ద కంపెనీకి డబ్బు కట్టి ప్రపంచమంతా చేరుకోవడం ‘ట్రాన్సిట్’. ఇద్దరు సమానులు తమ వినియోగదారుల డేటాను నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం ‘పీరింగ్’. సాధారణంగా పోర్టు అద్దె తప్ప వేరే బిల్లుండదు. నిక్సీలో మాత్రం చాలాకాలం ‘ఎక్స్ మైనస్ వై’ లెక్క నడిచింది. తీసుకున్న డేటాలోంచి ఇచ్చినది తీసేసి, మిగిలినదానికి తీసుకున్నవాళ్లు కట్టాలి. ఇళ్లకు కనెక్షన్లిచ్చే కంపెనీలు తీసుకునేదే ఎక్కువ. కలుపుకోవడానికి కట్టిన కూడలిలో, కలిసినందుకే వాళ్లకు బిల్లు పడేదన్నమాట!

మీ ఇంట్లోనే చూడండి

విండోస్ కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ట్రేసర్ట్ (tracert) ఆదేశం పక్కన వెబ్‌సైట్ పేరు కొట్టండి. దారిలోని ఒక్కో మజిలీ, అక్కడికి వెళ్లిరావడానికి పట్టిన మిల్లీసెకన్లూ వరసగా కనిపిస్తాయి. ఫైబర్‌లో వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానూపోనూ సుమారు పది పడుతుంది. హైదరాబాద్‌లోనే ఉందనుకున్న సర్వర్‌కు వందకు పైగా చూపిస్తే, డేటా దేశం దాటైనా ఉండాలి, ఎక్కడో వరసలోనైనా నిలబడి ఉండాలి. ఉదయం ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కొట్టి చూస్తే ఏదో తెలిసే అవకాశం ఉంది: రెండుసార్లూ వందే ఉంటే బహుశా దూరం, రాత్రి మాత్రమే పెరిగితే రద్దీ.